ఓపీ చీటీ రాసేవాళ్లకూ టీకాల శిక్షణ కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

చిన్నపిల్లల టీకాల గురించి పత్రికలో వార్త వచ్చినప్పుడల్లా డాక్టర్ల మాట ఉంటుంది, ఏఎన్‌ఎంల కష్టం ఉంటుంది, ఆశా కార్యకర్తలు ఎండలో ఇల్లిల్లూ తిరిగే సంగతి ఉంటుంది. ఉండాల్సిందే. కానీ బిడ్డను ఎత్తుకొని ఆసుపత్రికి వచ్చిన తల్లి మొట్టమొదట మాట్లాడేది వాళ్లెవరితోనూ కాదు, ఓపీ చీటీ రాసే మనిషితో. మహబూబ్‌నగర్ పట్టణంలో ఒక ప్రైవేటు పిల్లల ఆసుపత్రిలో ఆ చీటీలు రాసేది నేను. ఇంటర్ చదివాను, పెళ్లయ్యాక ఈ పనిలో చేరాను. దేవరకద్ర, కోయిలకొండ, మద్దూరు, మక్తల్, నారాయణపేట దిక్కు నుంచి వచ్చే తల్లులను రోజూ చూస్తాను. మాలాంటి వాళ్లకు టీకాల మీద పద్ధతి ప్రకారం శిక్షణ ఇవ్వాలని అడగడానికే ఈ ఉత్తరం.

టీకా రాసేది డాక్టర్, సూది వేసేది నర్సు, మధ్యలో మీకెందుకు శిక్షణ అని కొందరికి అనిపించవచ్చు. బిడ్డకు ఈ రోజు టీకా పడుతుందా లేదా అన్నది చాలాసార్లు డాక్టర్ గది దాకా పోకుండానే కౌంటర్ దగ్గర తేలిపోతుంది. తల్లి వస్తుంది. "టీకాకొచ్చినం మేడమ్" అంటుంది. భుజం మీద బిడ్డకు ముక్కు కారుతుంటుంది. "జలుబుంది గదా, తగ్గినంక తీస్కరా" అని కౌంటర్‌లో అమ్మాయి చెబుతుంది. తల్లి వెళ్లిపోతుంది. ఆ బిడ్డ వచ్చిన సంగతే డాక్టర్‌కు తెలియదు, ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు. ఆ అమ్మాయి చెడ్డది కాదు. ఇంట్లో అమ్మ దగ్గర, అత్త దగ్గర విన్నమాటే బిడ్డ మీద జాలితో చెప్పింది. అది తప్పని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మామూలు జలుబు, దగ్గు, కొద్దిపాటి జ్వరం, రెండు మూడు విరేచనాలు టీకా ఆపడానికి కారణాలు కావు. యాంటీబయాటిక్ వాడుతున్నా, నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువున్నా మామూలుగా ఆపనక్కర్లేదు. బక్కపిల్లలకు జబ్బు వస్తే తట్టుకోలేరు కాబట్టి వాళ్లకు టీకా అవసరం ఇంకా ఎక్కువ. ఆపాల్సిన సందర్భాలు చాలా తక్కువ. వెనకటి డోసుకు ప్రాణం మీదికొచ్చే అలర్జీ వచ్చి ఉండాలి, లేదా ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బు ఉండాలి, లేదా ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి బాగా దెబ్బతిని ఉండాలి. ఇవి తేల్చాల్సింది డాక్టర్. కౌంటర్ దగ్గర కూర్చున్న మాకు రావాల్సింది ఒక్క మాట: "కూసోండమ్మా, సార్ చూసి చెప్తడు."

2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి టికెట్ డబ్బుల బాధ తగ్గింది. కూలి పోయే బాధ అట్లాగే ఉంది. పత్తి ఏరే రోజుల్లో ఒక రోజు కూలి వదులుకొని వచ్చిన తల్లిని తిప్పి పంపితే ఆమె వచ్చే వారం వస్తుందని నమ్మకం లేదు. వారం నెలవుతుంది, ఆ తర్వాత ఇంటిల్లిపాదీ వలస పోతారు.

ఆలస్యంగా వచ్చిన తల్లుల సంగతి ఇంతకంటే బాధ కలిగిస్తుంది. "ఇన్ని దినాలు ఏం చేసినవ్? పిల్లల మీద సోయి లేదా?" అని పదిమంది ముందు గద్దించడం సర్కారు దవాఖానల్లోనూ విన్నాను, ప్రైవేటులోనూ విన్నాను. తిట్లు తిన్న తల్లి మళ్లీ రాదు. వచ్చినా కార్డు ఇంట్లో దాచి వస్తుంది, అడిగితే పోయిందంటుంది. సర్కారు నౌకరీలో రిటైరై మా దగ్గర కొన్నాళ్లు పని చేసిన ఒక పెద్ద సిస్టర్ ఉండేది. ఎంత ఆలస్యంగా వచ్చిన తల్లినైనా ఆమె "వచ్చినవ్ గదా బిడ్డా, మంచిపని చేసినవ్. కార్డు తియ్" అనేది. అంతే. ఆ మాట విన్న తల్లి కుదుటపడి ఏ టీకా ఎక్కడ తప్పిపోయిందో తనే చెప్పేది. నాకు వచ్చిన టీకాల చదువంతా ఆ సిస్టర్ పెట్టిన భిక్ష. అలాంటి మనిషి పక్కన కూర్చునే అదృష్టం అన్ని కౌంటర్లకూ ఉండదు, అందుకే శిక్షణ అడుగుతున్నాను.

ఆలస్యమైతే ఏం చేయాలో తెలియక చెప్పే తప్పులు రెండు. ఒకటి, వయసు దాటింది, ఇక అవసరం లేదనడం. రెండోది, మళ్లీ మొదటి నుంచి వేయాలనడం. రెండూ నిజం కాదు. మొదలుపెట్టిన టీకా ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కొనసాగించాలి, వేసిన డోసు వృథా పోదు. సర్కారు పట్టికలో ఒక్కో టీకాకు ఒక్కో గడువుంది. పుట్టినప్పటి హెపటైటిస్-బి 24 గంటల్లోపు పడాలి, సున్నా డోసు పోలియో చుక్కలు 15 రోజుల్లోపు. క్షయ రాకుండా వేసే బీసీజీ ఏడాది దాకా వేయవచ్చు. ఐదు జబ్బులను ఆపే పెంటావాలెంట్ మొదటి డోసు ఏడాదిలోపు మొదలుకావాలి. ఆ వయసు దాటిన బిడ్డకు ఆ ఐదింటిలో మూడింటిని (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) ఆపే డీపీటీ ఉంది, దాన్ని ఏడేండ్ల దాకా వేస్తారు. తట్టు-రుబెల్లా టీకా తప్పిపోతే ఐదేండ్ల దాకా వేస్తారు. ఈ గడువుల కాగితం ఒకటి నా బల్ల మీద అద్దం కింద ఉంటుంది. ప్రతి కౌంటర్‌కూ అలాంటి కాగితం తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

సర్కారు కేంద్రాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. తట్టు-రుబెల్లా, బీసీజీ మందులు పొడి రూపంలో వస్తాయి, ద్రవంలో కలిపాక నాలుగు గంటలు దాటితే పారేయాలి. ఒక సీసాలో చాలామంది పిల్లలకు సరిపడా మందు ఉంటుంది. ఒక్క బిడ్డ కోసం సీసా తెరిస్తే మిగతాది వృథా అవుతుందని, పైవాళ్లు అడుగుతారని సిబ్బందికి భయం. "ఇంకో నలుగురు రానియ్యి, అప్పుడు తెరుస్తం" అంటారు. ఆ నలుగురు రారు, ఈ తల్లి ఎదురుచూసి వెళ్లిపోతుంది. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నదే నియమం. కొంత మందు వృథా అవుతుందని లెక్కవేసే సరఫరా చేస్తారు. పెంటావాలెంట్, పోలియో చుక్కలు, డీపీటీ లాంటి వాటికైతే ఆ భయమే అక్కర్లేదు, సరిగ్గా దాస్తే తెరిచిన సీసాను 28 రోజుల దాకా వాడవచ్చు. ఈ తేడా ఏఎన్‌ఎంకు తెలుసు. గేటు దగ్గరుండే అటెండర్‌కు తెలియదు. "ఇయ్యాల తట్టు సూది లేదు, బుధవారం రా" అని బయటి నుంచే పంపేది ఆ అటెండరే.

మా డాక్టర్ గారు ఒకసారి రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ పల్లెల్లో జరిగిన పరిశోధన గురించి చెప్పారు. దాని ఫలితాలు 2010లో వచ్చాయి. ఏ ఏర్పాటూ లేని ఊళ్లలో పూర్తి టీకాలు పడిన పిల్లలు 6 శాతమే. చెప్పిన రోజున తప్పకుండా శిబిరం పెట్టిన ఊళ్లలో 18 శాతం. శిబిరంతో పాటు టీకాకు వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక భోజనం ప్లేట్లు ఇచ్చిన చోట 39 శాతం. పప్పు గురించే అందరూ చెప్పుకుంటారట. నాకు మాత్రం ఆ మధ్యలో 18 మనసులో నిలిచిపోయింది. ఏమీ పంచకుండానే, చెప్పిన రోజు తలుపు తెరిచి ఉంచినందుకే మూడింతలైంది. అదీ మా చేతుల్లో ఉన్న పనే.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ల మధ్య పిల్లల్లో ప్రాథమిక టీకాలన్నీ పడినవాళ్లు దేశంలో 76 శాతం, మన తెలంగాణలో సుమారు 79 శాతం. అంతకుముందు సర్వేలో దేశం లెక్క 62. పెరిగింది, సంతోషమే. అయినా మన రాష్ట్రంలో ఐదుగురిలో ఒక బిడ్డకు ఏదో ఒక టీకా మిగిలిపోయింది. ఆ ఐదో బిడ్డ నల్లమల లోపల ఏ చెంచు పెంటలోనో, దేవరకొండ గుట్టల అవతల ఏ తండాలోనో మాత్రమే ఉంటుందని అనుకుంటాం. అక్కడ ఉన్నారు, వాళ్ల దగ్గరికి నడిచిపోవాల్సిందే. కానీ అలాంటి పిల్లలు చాలామంది జ్వరానికో, విరేచనాలకో, చెవిపోటుకో మా కళ్ల ముందు నుంచే వచ్చిపోతున్నారు. చీటీ రాస్తాం, మందులిస్తాం, పంపిస్తాం. టీకాల కార్డు అడగం. జబ్బుకు వచ్చిన ప్రతి బిడ్డ కార్డూ అడగడం, పక్కన కొంగు పట్టుకొని నిలబడ్డ అన్ననో అక్కనో చూసి "వీనివి అయినయా?" అని అడగడం, ఈ రెండు అలవాట్లు వస్తే ఎంతమంది దొరుకుతారో చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

కార్డు చూడటం రావాలంటే నేర్పాలి. మా వైపు మొదటి కాన్పు తల్లిగారింట్లో జరుగుతుంది. పుట్టినప్పటి టీకాలు అక్కడ పడతాయి. నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలల టీకాలు కూడా చాలావరకు అక్కడే. తర్వాత అత్తగారింటికి వస్తుంది. కార్డు తల్లిగారింట్లో బీరువాలో ఉండిపోతుంది. ఆ ఊరి ఆశా "పాప ఊరికి పోయింది" అని రాసుకుంటుంది, ఈ ఊరి ఆశాకు పాప వచ్చినట్టు తెలియదు. తొమ్మిదో నెల టీకా ఆ రెండు ఊళ్ల మధ్య జారిపోతుంది. ఆ బిడ్డ రెండు చోట్ల నుంచీ వచ్చే ఒకే ఒక చోటు పట్టణంలోని పిల్లల ఆసుపత్రి. పేరు సంగతి ఇంకొకటి. పుట్టినప్పుడు కంప్యూటర్‌లో తల్లి పేరు మీద "బేబీ ఆఫ్" అని ఎక్కుతుంది. తర్వాత బిడ్డకు పేరు పెడతారు, కొందరు మళ్లీ మారుస్తారు. ఆరు నెలలకు వచ్చి ముద్దుపేరు చెబితే పాత రికార్డు దొరకదు. దొరక్కపోతే కొత్త చీటీ రాస్తారు, పాత టీకాల లెక్క పోతుంది. తల్లి పూర్తి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఆసుపత్రి, ఈ మూడూ అడిగితే దొరుకుతుంది. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, ఎవరో ఒకరు కూర్చోబెట్టి చూపించాలి.

పైగా సర్కారు కార్డు ఒక తీరు, ప్రైవేటు పుస్తకం ఇంకో తీరు. సర్కారు కార్డులో తొమ్మిదో నెలకు తట్టు-రుబెల్లా ఉంటుంది. ప్రైవేటు పుస్తకంలో గవదబిళ్లలు కూడా కలిపిన ఎంఎంఆర్ ఉంటుంది. ప్రైవేటులో టైఫాయిడ్, చికెన్‌పాక్స్, హెపటైటిస్-ఎ కూడా ఉంటాయి. పైగా కంపెనీ పేర్ల స్టిక్కర్లు. ఒక డోసు అక్కడ, ఒక డోసు ఇక్కడ వేయించుకున్న బిడ్డకు ఈ రోజు ఏది బాకీ ఉందో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది. చూడటం రానివాళ్లు "కొత్త పుస్తకం తీసుకోండి" అంటారు.

ప్రైవేటులో పని చేస్తూ ఈ మాట చెప్పడం కొందరు యజమానులకు నచ్చకపోవచ్చు. అయినా చెప్పాలి. జ్వరం, నొప్పి తక్కువగా వచ్చే టీకా అని మా దగ్గర వేసేది ఖరీదైనది, వేలల్లో ఉంటుంది. సర్కారు వేసే పెంటావాలెంట్ కూడా కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, న్యుమోనియా లాంటివి తెచ్చే హిబ్ క్రిమి, ఈ ఐదింటి నుంచీ కాపాడుతుంది, పైసా తీసుకోరు. ధర విన్నాక కొందరు తండ్రులు "పైసలు లేవు" అనలేక "మళ్లొస్తం" అని లేస్తారు. వాళ్లు మళ్లీ రారు. పరువు అడ్డమొచ్చి సర్కారు దవాఖానకూ పోరు. అప్పుడు కౌంటర్ మనిషి బతిమాలినట్టు కాకుండా, తీసిపారేసినట్టు కాకుండా చెప్పాలి: "మీ ఊరి సబ్ సెంటర్‌లో గానీ పీహెచ్‌సీలో గానీ బుధవారం, శనివారం ఇదే రక్షణ ఫ్రీగా ఇస్తరన్నా, ఈ బుధవారమే తీస్కపోండి." మా డాక్టర్ గారు ఇలా చెప్పనిస్తారు. ఆయనకు ఇక్కడే నమస్కారం చెబుతున్నాను. అన్ని చోట్లా చెప్పనివ్వరు. జిల్లా అధికారులే శిక్షణలో ఈ మాట నేర్పితే ఉద్యోగికి ధైర్యం ఉంటుంది.

టీకా పడ్డాక తల్లికి నాలుగు మాటలు చెప్పాలని సర్కారు పద్ధతిలోనే ఉంది. ఏ టీకా వేశాం, అది ఏ జబ్బును ఆపుతుంది. వేశాక ఏం రావచ్చు, వస్తే ఏం చేయాలి. మళ్లీ ఎప్పుడు, ఎక్కడికి రావాలి. కార్డు భద్రంగా పెట్టుకొని వచ్చేటప్పుడు తేవాలి. ఆ తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. రద్దీలో నర్సు ఈ నాలుగూ చెప్పలేకపోతుంది. బిల్లు కట్టడానికి తల్లి మా దగ్గరికి వస్తుంది కాబట్టి ఆ అరగంటలో చెప్పగలిగేది మేమే. చెప్పకపోతే ఏమవుతుందో రాత్రి తొమ్మిదికి ఫోన్ ఎత్తే నాకు తెలుసు. బీసీజీ వేసిన చోట కొన్ని వారాలకు చిన్న పొక్కు లేచి, కొందరికి చీము పట్టి, మచ్చ మిగిలి మానుతుంది. అది మామూలే. ఆ సంగతి ముందే చెప్పకపోతే పసుపు పెడతారు, ఆకు పసరు పోస్తారు, "సూది వికటించింది" అని వాడంతా చెబుతారు. పెంటావాలెంట్ వేసిన రాత్రి జ్వరం రావచ్చు. డాక్టర్ రాసిన పారాసిటమాల్ ఇవ్వాలి. అయితే పసిపిల్లల డ్రాప్స్ సీసాలో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 125 ఒక రకం, 250 ఇంకో రకం. ఇంట్లో పెద్దపిల్లల సిరప్ ఉంటే అదే పోస్తారు, లేదా సిరప్ కొలతలో డ్రాప్స్ పోస్తారు. ఇది ప్రమాదం. మందుల షాపు కుర్రాడితో సహా అందరికీ ఇది నేర్పాలి. ఒక బిడ్డకు రాత్రంతా జ్వరం వచ్చి, ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పని తల్లి తర్వాతి డోసుకు రాదు. తను రాకపోవడమే కాదు, వాడకట్టులో ఇంకో నలుగురిని ఆపుతుంది.

ఫ్రిజ్ గురించి కూడా రాయాలి. చిన్న ఆసుపత్రుల్లో దాని తలుపు తీసేది, మూసేది మాలాంటి వాళ్లమే. అందులో నీళ్ల సీసాలు, టిఫిన్ డబ్బా పెట్టకూడదు. లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కరెంటు పోతే వేడెక్కుతుందన్న భయం అందరికీ ఉంది, గడ్డకడితే ఏమవుతుందో చాలామందికి తెలియదు. పెంటావాలెంట్, హెపటైటిస్-బి, డీపీటీ ఒకసారి గడ్డకట్టాయంటే పనికిరావు, కరిగాక చూడటానికి మందులాగే ఉన్నా పారేయాలి. పొద్దున, సాయంత్రం డిగ్రీలు చూసి రాయడం ఆదివారం కూడా ఆపకూడదు.

ఇక ఫోన్ చేసి గుర్తు చేయడం. నన్నడిగితే శిక్షణలో సగం సమయం దీనికే ఇవ్వాలి. చాలా చోట్ల కంప్యూటర్ నుంచి ఇంగ్లిష్‌లో మెసేజ్ పోతుంది, దాంతో పని అయిపోయిందనుకుంటారు. మా రిజిస్టర్‌లో రాసి ఉండే నంబర్ ముప్పావు వంతు తండ్రిది. అతను పుణెలోనో, ముంబైలోనో, హైదరాబాద్ సెంట్రింగ్ పనిలోనో ఉంటాడు. మెసేజ్ అతనికి పోతుంది, బిడ్డ ఇక్కడ ఉంటుంది. రీచార్జి అయిపోతే నంబరే మారుతుంది. అందుకని మేం రెండు నంబర్లు తీసుకుంటాం. ఒకటి తల్లి దగ్గర ఉండేది, ఇంకొకటి ఊరు వదిలిపోని మనిషిది: మేనమామదో, కిరాణా కొట్టుదో, ఆశా అక్కదో. పగలు చేస్తే చేన్లో ఉంటారు, రాత్రి ఏడు దాటాక చేస్తే ఎత్తుతారు. మంగళవారం సాయంత్రం చేస్తే బుధవారం సర్కారు టీకాకైనా పోతారు. తండాల నుంచి వచ్చేవాళ్లతో లంబాడీలో రెండు ముక్కలు మాట్లాడితే ఆ ముఖమే వేరుగా ఉంటుంది. మాట్లాడే తీరు కూడా నేర్పాలి. "మీ టీకా డేట్ అయిపోయింది" అంటే నేరం చేసినట్టుంటుంది. "పాపకు ఏడాదిన్నర నిండిందక్కా, బూస్టర్ సూదికి టైమైంది, ఎప్పుడొస్తరు?" అంటే వాళ్లే ఒక రోజు చెబుతారు. ఆ రోజు రాసుకొని, రాకపోతే ఇంకోసారి చేయాలి. రెండోసారి కూడా రాకపోతే ఆ పేరు ఊరి ఆశాకు అందాలి. ప్రైవేటు నుంచి ఆశాకు పేరు అందించే దారి ఇప్పుడు పద్ధతిగా లేదు, ఎవరికి వాళ్లం తెలిసిన నంబర్లకు వాట్సాప్‌లో పెడుతున్నాం.

వలస అన్నాను కాబట్టి ఒక్క సంగతి గుర్తు చేస్తాను. 2022 చివర్లో ముంబైలో గోవండి లాంటి బస్తీల్లో తట్టు వ్యాపించి పిల్లలు చనిపోయారు. మన పాలమూరు లేబర్ గుంపు మేస్త్రీ వెంట వెళ్లేది ఆ ఊరికే. తట్టు వచ్చిన ఒక బిడ్డ నుంచి, రక్షణ లేని పన్నెండు నుంచి పద్దెనిమిది మంది దాకా అంటుకోవచ్చని లెక్క. నూటికి 95 మందికి రెండు డోసులూ పడితేనే అది ఆగుతుంది. తట్టు వస్తే పోచమ్మ పోసిందని ఇంట్లోనే ఉంచుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. వాళ్ల భక్తిని తప్పుపట్టను. వేపాకు కట్టుకోండి, మొక్కు తీర్చుకోండి, టీకా కూడా వేయించండి అంటాను, వింటారు. వలస పోయే తల్లికి బయలుదేరేముందే కార్డు ఫొటో తీయించి ఫోన్‌లో పెట్టించాలి. సర్కారు టీకాల ఆన్‌లైన్ రిజిస్టర్ యూ-విన్‌లో పేరు ఎక్కితే దేశంలో ఎక్కడి ప్రభుత్వ టీకా కేంద్రంలోనైనా తర్వాతి డోసు వేయించుకోవచ్చు. ఈ ముక్క చెప్పాల్సిన మనుషులకు యూ-విన్ అంటే ఏమిటో తెలియాలి కదా.

తొమ్మిదో నెల సూదిని "పెద్ద సూది" అనుకొని, దాంతో అయిపోయిందనుకుంటారు. 2017లో కేసీఆర్ కిట్ వచ్చినప్పుడు సర్కారు దవాఖానలో కాన్పైన తల్లులకు, ఆడపిల్లకు 13 వేలు, మగపిల్లవాడికి 12 వేలు విడతలుగా ఇవ్వాలని పెట్టారు, మూడున్నర నెలల టీకాలకు ఒక విడత, తొమ్మిదో నెల టీకాలకు చివరి విడత. ఆ వయసుల దాకా కార్డు జాగ్రత్తగా ఉండేది. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య పడాల్సిన తట్టు-రుబెల్లా రెండో డోసుకు, డీపీటీ బూస్టర్‌కు, ఐదేండ్లకు పడాల్సిన రెండో బూస్టర్‌కు అలాంటి విడత ఏదీ పెట్టలేదు. బూస్టర్లు తప్పితే కంఠసర్పి బడి పిల్లలకు వస్తుంది. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి గొంతు మూసుకుపోయిన పిల్లలు ఇంకా వస్తున్నారంటే కారణాల్లో ఇదీ ఒకటి. ఆ వయసు బిడ్డ ఇంటికి గుర్తు చేయగలిగింది ఇప్పుడు ఎక్కువగా మా ఫోనే.

శిక్షణ ఎట్లా ఉండాలో కూడా చెబుతాను. హాల్లో కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు చూపి, టీ బిస్కెట్ ఇచ్చి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపితే మాకు ఏమీ రాదు. పేర్లు కొట్టేసిన నిజమైన పాత కార్డులు మా చేతికివ్వండి. "ఈ బిడ్డకు ఇవాళ పదకొండు నెలలు, ఏది బాకీ?" అని అడగండి, తప్పు చెబితే దిద్దండి. ఒకరు కోపంగా ఉన్న తండ్రిలా, ఒకరు సూదంటే భయపడే నానమ్మలా మాట్లాడితే ఇంకొకరు జవాబు చెప్పేలా చేయించండి. ఫోన్ మాటలు అక్కడే చేయించండి. ఒక రోజు పూర్తిగా, ఆ తర్వాత మూడు నెలలకోసారి సగం రోజు. ఎందుకంటే కౌంటర్లలో జీతాలు తక్కువ, అమ్మాయిలు పెళ్లయితే మానేస్తారు, బట్టల షాపులో వెయ్యి ఎక్కువిస్తే వెళ్లిపోతారు. ఒకసారి నేర్పి వదిలేస్తే ఏడాది తిరిగేసరికి నేర్చుకున్నవాళ్లు ఎవరూ మిగలరు. పీహెచ్‌సీల్లో చీటీలు రాసేవాళ్లు, డేటా ఎంట్రీ ఆపరేటర్లు, అటెండర్లు, ప్రైవేటులో రిసెప్షన్, కాంపౌండర్లు, గేటు దగ్గర సెక్యూరిటీ, అందరూ ఒకే గదిలో కూర్చోవాలి. సర్కారు వాళ్లూ మేమూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటేనే పేర్లు అందించుకునే దారి పడుతుంది.

నేర్పేవాళ్లు దూరం నుంచి రానక్కర్లేదు. ప్రతి జిల్లాకూ ఇమ్యునైజేషన్ అధికారి ఉన్నారు. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, వాటిలో కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలున్నాయి. నారాయణపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వాళ్లకు వాళ్ల జిల్లా కేంద్రాల్లోనే పెట్టవచ్చు. ఆదివారం మధ్యాహ్నం చాలా ఆసుపత్రులకు ఓపీ ఉండదు, ఆ పూట పెడితే ఎవరి జీతమూ కోయాల్సిన పని లేదు. పిల్లల డాక్టర్లు తమ సిబ్బందిని తప్పకుండా పంపేలా వైద్యుల సంఘాలు ఒక మాట చెబితే చాలు.

జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులను నేను కోరేది, మొదటి విడత దసరాకు ముందే జరిపించమని. ముంబై, పుణె పోయినవాళ్లు దసరాకు ఇండ్లకు వస్తారు, పిల్లలను చూపించుకోవడానికి పట్టణానికి వస్తారు, పండుగ కాగానే తిరిగి వెళ్లిపోతారు. ఆ కొద్ది రోజుల్లోనే వాళ్ల కార్డులు చూడాలి, మిగిలిన టీకా వేయించాలి, రెండో నంబర్ రాసుకోవాలి.

ఇట్లు,
ఒక పిల్లల ఆసుపత్రి రిసెప్షనిస్టు,
మహబూబ్‌నగర్